ఊరట కేంద్రంలో బోణీ

"ఇకమీదట ఈ ప్రభుత్వం ఏ పేదవాడినీ 'నీ సమస్య ఏంటి?' అని అడగదు. 'మీకేం జరిగింది?' అని అడుగుతుంది!"

సంక్షేమ శాఖ మంత్రిగారు తెనాలి సభలో ఈ మాట అని, మంచినీళ్లు తాగడానికి ఆగారు. ఆగినప్పుడు చప్పట్లు కొట్టాలని తెలిసిన జనం కాబట్టి కొట్టారు. రెండు ప్రశ్నలకూ తేడా ఏమిటో చాలామందికి అందలేదు. అయినా అది చాలా లోతైన తేడా అని మంత్రిగారి గొంతును బట్టి పోల్చుకున్నారు.

మంత్రిగారు గ్లాసు కింద పెట్టి వివరించారు. పేదవాడంటే చేతిలో డబ్బు లేనివాడు కాదు, మనసుకు గాయమైనవాడు. ఆ గాయాల మీద పైదేశాల్లో నలభై ఏళ్లు పరిశోధన జరిగింది. దాన్ని ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్ విధానం అంటారు. వాళ్లు నలభై ఏళ్లు పరిశోధించినదాన్ని మనం మూడు నెలల్లో అమలు చేయబోతున్నాం. దానికి వ్యాపార దృష్టిని కూడా జోడిస్తున్నాం. అర్జీదారుడు ఇక అర్జీదారుడు కాడు, క్లయింటు. ఆఫీసు ఇక ఆఫీసు కాదు, ఊరట కేంద్రం. ముందుగా తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మూడు కేంద్రాలు.

"ఈ మహత్కార్యానికి దారి చూపించే అనుభవజ్ఞుడైన వ్యాపారి మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి!"

సభ వెనక, నీళ్ల డ్రమ్ముల దగ్గర, స్టీలు సామాన్ల వెంకట్రామయ్య నిలబడి ఉన్నాడు. బోసురోడ్డులో ముప్పై ఏళ్లుగా గిన్నెల కొట్టు నడుపుతున్న మనిషి. సభకు గ్లాసులు అద్దెకిచ్చి, అవి తిరిగి కొట్టు చేరతాయో లేదో చూసుకోవడానికి స్వయంగా వచ్చాడు. పెళ్లికిచ్చిన గ్లాసులు తిరిగొస్తాయి, తద్దినానికిచ్చినవీ తిరిగొస్తాయి, సభకిచ్చినవి మాత్రం పార్టీలో చేరిపోతాయని ఆయన అనుభవం. సరిగ్గా ఆ సమయానికి ఒక కార్యకర్త నీళ్లు తాగిన గ్లాసును చేతిసంచిలో వేసుకోవడం కనబడి, "ఏవండోయ్, ఆగండి!" అని చెయ్యెత్తాడు.

"అదిగో, పెద్దాయన!" అన్నారు మంత్రిగారు.

ఆ విధంగా వెంకట్రామయ్య మూడు ఊరట కేంద్రాలకూ వ్యాపార మార్గదర్శి అయ్యాడు. జీతం లేదు, శాలువా ఉంది. గ్లాసు దొరకలేదు.

మర్నాడు సోమవారం. సోమవారమంటే ఏసమ్మ వచ్చే రోజు.

ఏసమ్మది రేపల్లె. ఇరవై రెండేళ్లుగా ప్రతి సోమవారం రేపల్లె పాసింజరులో తెనాలి వచ్చి, వెంకట్రామయ్య కొట్టులో గిన్నెలు గంపకెత్తుకుని పోయి, చుట్టుపక్కల ఊళ్లలో పాత చీరలకూ పాత ప్యాంట్లకూ మారుస్తుంది. కొట్టులో మూడేళ్లుగా కదలని సొట్ట టిఫిన్ క్యారేజీ ఏసమ్మ గంపెక్కితే మూడో గడపలో కదులుతుంది. కొట్టు మీద పైఅంతస్తు లేపింది బోసురోడ్డు బేరం కాదు, ఏసమ్మ గంప అని వెంకట్రామయ్యకు తెలుసు. తెలిసినా ఒక్కసారీ పైకి అనలేదు. అమ్మిపెట్టేవాళ్ల విలువ వాళ్లకే చెప్పిన వ్యాపారి బాగుపడినట్టు ఎక్కడా లేదు.

ఆ రోజు ఏసమ్మ గంప తేలేదు. కొట్టు మెట్టు మీద కూలబడి మోకాళ్లు రాసుకుంది.

"డాక్టరు బరువు మొయ్యొద్దన్నాడు షావుకారూ."

"మొయ్యకపోతే ఎట్టా? రేపల్లె తాలూకా అంతా నీ తల మీదే గదా నడిచేది!"

"తల బానే ఉంది. మోకాళ్లే అరిగినయి. ఇంక సెంటర్లో ఓ పట్టా పరుచుకుని కూర్చుని అమ్ముకుంటా. కూర్చుంటే తిరిగినంత రాదు గదా. పింఛనొస్తే ఇంటద్దె అది చూసుకుంటది, నా తిండి నేను చూసుకుంటా. ఆ పింఛనేమో ఎనిమిది నెలల బట్టి ఆగిపోయె."

"ఎందుకాగింది?"

"నాకు ఐసు ఫ్యాక్టరీ ఉందంట."

ఉంది. రికార్డుల్లో ఉంది. రేపల్లె శివార్లలో చేపలకూ రొయ్యలకూ ఐసు వేసే ఫ్యాక్టరీ ఒకటుంది. దాని కరెంటు మీటరు, కంప్యూటరులో ఒక అంకె అటూ ఇటూ అయి, ఏసమ్మ పేరు మీద పడింది. నెలకు పన్నెండు వేల యూనిట్లు కాల్చే వితంతువుకు పింఛను అక్కర్లేదని కంప్యూటరు తీర్మానించింది. బిల్లు ఫ్యాక్టరీ యజమాని సక్రమంగా కడుతున్నాడు కాబట్టి కరెంటువాళ్లకు చింత లేదు. చింతంతా ఏసమ్మదే. ఆమె ఇంట్లో ఉన్నవి ఒక బల్బు, ఒక ఫ్యాను. ఫ్యాను తిరగదు.

"నువ్వేదో పెద్ద పదవిలోకెళ్లావంటగా? రైల్లో అంటన్నారు. ఆ మీటరు నా నెత్తి మీంచి దింపించు షావుకారూ. దింపిస్తే నీ గిన్నెలు సెంటర్లో కూర్చుని అమ్మిపెడతా. దింపించలేవా, ఒంగోల్లో మా చెల్లెలి కూతురు రమ్మంటంది, పోతా. అక్కడ కూడా స్టీలు కొట్లున్నయంట."

వెంకట్రామయ్య మనసులో తక్కెడ ఎత్తాడు. ఒక పళ్లెంలో ఏసమ్మ గంప, ఇంకో పళ్లెంలో సర్కారువారి మీటరు. ముల్లు ఎటు వాలిందో చూసుకుని, కొట్టు గుమాస్తాకు అప్పగించి, "పద," అన్నాడు.

తెనాలి ఊరట కేంద్రం వారం కిందటి దాకా మామూలు సంక్షేమ కార్యాలయమే. ఇప్పుడు గోడలకు వంగపూవు రంగు వేశారు. కౌంటరుకున్న ఇనుప జాలీ ప్రజలకూ ప్రభుత్వానికీ మధ్య అడ్డుగోడలా ఉందని పీకించేశారు. జాలీతోపాటు కౌంటరు కూడా ఊడొచ్చింది. దాంతో ఎవరిని అడగాలో తెలియక క్లయింట్లు చాలా ప్రశాంతంగా ఉన్నారు.

డైరెక్టరు ఉషశ్రీగారు వెంకట్రామయ్యకు ఎదురొచ్చారు. మూడు కేంద్రాలూ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. బెంగళూరులో అయిదు రోజులు శిక్షణ పొందారు. మంచి మనిషి. ఎదుటివాళ్లు బాధపడితే చూడలేరు. అందుకే ఎక్కువగా తలుపు వేసుకుని కూర్చుంటారు.

"మా స్టడీలో ఏం తేలిందంటే వెంకట్రామయ్యగారూ, పేదవాళ్లను అన్నిటికన్నా గాయపరిచే మాట ఒకటుందండి. 'లేదు' అనే మాట. అందుకని మా కేంద్రాల్లో దాన్ని నిషేధించాం."

"మరి పని కాదనుకోండి, ఏం చెబుతారండి?"

ఉషశ్రీగారు గోడవైపు చూపించారు. గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: మీ ప్రయాణంలో మేం తోడున్నాం.

"పని అయిందనుకోండి?"

ఆవిడ కొంచెం ఆలోచించారు. "అది ఇంకా రాయించలేదండి."

వెంకట్రామయ్య ముగ్ధుడయ్యాడు. సరుకు లేకపోయినా లేదనకూడదని, "కూర్చోండి, గోడౌన్ నుంచి వస్తోంది" అనాలని ఆయనకు తండ్రి నేర్పడానికి ఆరేళ్లు పట్టింది. ఈ శాఖ అయిదు రోజుల్లో నేర్చేసుకుంది. కాకపోతే కొట్టులో, కాస్త ఆలస్యమైనా, గోడౌన్ నుంచి ఏదో ఒకటి రావాలి.

ఏసమ్మను సీనియర్ అసిస్టెంటు బ్రహ్మానందం ముందు కూర్చోబెట్టారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆయన ఇదే ఏసమ్మతో "రేపు రా, పో" అని చాలాసార్లు అన్నాడు. ఇప్పుడు శిక్షణ ప్రకారం లేచి నమస్కారం పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏసమ్మగారూ, మీకేం జరిగింది?"

ఆ గారు ఎవరా అని ఏసమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

"నాకేం జరగలా బాబూ. మీటరు జరిగింది."

"అంతకు ముందండి?"

"అంతకు ముందు పింఛనొచ్చేది."

"ఇంకా ముందుకెళ్దాం. మీ చిన్నతనానికి. చిన్నప్పుడు మీ ఇంట్లో కరెంటు ఉండేదా?"

"ఇంట్లోనా? మా పేటకే లేదు. కిరసనాయిలు బుడ్డి."

"బుడ్డి ఆరిపోతే ఏమయ్యేదండి?"

"మా అమ్మ వీపు మీద ఒకటేసేది, నూనె చూసుకోలేదని."

బ్రహ్మానందం కళ్లు తుడుచుకున్నాడు. ఆ చోట తుడుచుకోవాలని శిక్షణలో చెప్పారు. తర్వాత నివేదిక రాశాడు. ఆయన దాన్ని పైకి చదువుతుంటే ఉషశ్రీగారు నిజంగానే కొంగుతో కళ్లొత్తుకున్నారు.

"క్లయింటు బాల్యంలో తీవ్రమైన విద్యుత్ లేమికి గురయ్యారు. ఆ గాయం ప్రభావం వల్ల ప్రస్తుతం నెలకు పన్నెండు వేల యూనిట్లు వినియోగిస్తున్నారు. ఇందుకు ఆమెను ఏ విధంగానూ నిందించరాదు."

"నిందించుకోండమ్మా ఫరవాలేదు, పింఛనియ్యండి," అంది ఏసమ్మ.

"మీ ప్రయాణంలో మేం తోడున్నామండి," అన్నాడు బ్రహ్మానందం.

"నాకింకేం ప్రయాణమయ్యా! మోకాళ్లు లేవని చెప్తంటే!"

బయటికొస్తూ వెంకట్రామయ్య బ్రహ్మానందాన్ని పక్కకు పిలిచాడు. "ఒట్టేసి చెప్పండి సార్. ఆ మీటరు తియ్యడం ఎంతసేపు పని?"

"నిమిషం పనండి. కానీ..." అని ఆయన ఆగిపోయాడు.

ముప్పై ఏళ్ల బేరాల్లో వెంకట్రామయ్య తెలుసుకున్నది ఒక్కటే. అసలు ధర ఎప్పుడూ కానీకి అవతలే ఉంటుంది.

కానీకి అవతల ఏముందో బాపట్లలో బయటపడింది.

గాయాలున్నవాళ్లకు సేవ చేసేవాళ్లకూ గాయాలుంటాయని పరిశోధన చెబుతోందట. అందుకని మూడు కేంద్రాలకూ తాళాలు వేసి, సిబ్బందినంతా బాపట్ల తీసుకెళ్లి, సూర్యలంక ఒడ్డున మూడు రోజుల శిబిరం పెట్టారు. మార్గదర్శి హోదాలో వెంకట్రామయ్యా వెళ్లాడు. మొదటి రోజు అందరినీ కళ్లు మూసుకుని, జీవితంలో తగిలిన అతిపెద్ద గాయాన్ని గుర్తు తెచ్చుకోమన్నారు. ఒకరితో ఒకరు సంప్రదించుకోకుండానే ముప్పై నాలుగు మందికీ ట్రాన్స్‌ఫర్లు గుర్తొచ్చాయి.

"నన్ను రేపల్లె వేశారండీ," అని బ్రహ్మానందం వెక్కివెక్కి ఏడ్చాడు. "కాపురం తెనాలి. నాలుగేళ్లు పాసింజరులో తిరిగాను. నాలుగేళ్లలో ఒక్కరోజు, ఒక్కరోజు కిటికీ సీటు దొరకలేదండీ!"

ఉషశ్రీగారు ఆయన భుజం తట్టారు. గాయం నుంచి పారిపోకూడదు, దానికి ఎదురెళ్లాలి, అదే వైద్యం అన్నారు. అక్కడికక్కడే ఆయన్ను రేపల్లె కేంద్రానికి బదిలీ చేశారు.

ఆ సాయంత్రం ఒడ్డున మిరపకాయ బజ్జీలు తింటూ, కొత్త దుఃఖంలో ఉన్న బ్రహ్మానందం పాత రహస్యం చెప్పేశాడు.

"కంప్యూటరు ఏ మీటరునీ దిక్కులేకుండా వదలదండి. ఒకళ్ల పేరు మీంచి తీస్తే, ఎవరి పేరు మీద వెయ్యాలో చెప్పి వేలు పెట్టమంటుంది. ఫ్యాక్టరీ ఆయన్ను రమ్మంటే రాడు, ఆయనకేం పని? అప్పుడు తీసినవాడే వేలు పెట్టుకోవాలి. పెట్టామా, అది మన నెత్తికెక్కి కూర్చుంటుంది. నెలకు పన్నెండు వేల యూనిట్లు కాల్చే గుమాస్తా ఇంటికి ఏసీబీ వాళ్లు కాఫీ తాగడానికొస్తారా?"

"అందుకనా ఎనిమిది నెలల బట్టి ఆవిణ్ని తిప్పుతున్నారు?"

"ఎవరి వేలు వాళ్లకు ముద్దు కదండీ."

వెంకట్రామయ్య కెరటాల వంక చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. సర్కారులాగే సముద్రానికి కూడా లాభం నష్టం ఉన్నట్టు లేదు, తెచ్చిందంతా తిరిగి పట్టుకుపోతోంది.

మూడో రోజు ఉషశ్రీగారు వేదికెక్కి శుభవార్త చెప్పారు. ఈ వారం మూడు కేంద్రాల్లోనూ క్లయింట్ల సంఖ్య డెబ్బై శాతం పడిపోయింది, అంటే గాయపడినవారు ఆ మేరకు కోలుకున్నారు. తాళాలు వేసిన కొట్టుకు బేరాలు తగ్గడాన్ని ఈ కోణంలో వెంకట్రామయ్య ఎన్నడూ చూడలేదు. చప్పట్లయ్యాక ఆవిడ ఆయన్ను ఒక వ్యాపార సూత్రం చెప్పమన్నారు.

"మా కొట్లల్లో బోణీ అని ఒకటుందండి. పొద్దున తలుపు తీశాక మొదట మెట్టెక్కినవాణ్ని వట్టి చేతుల్తో పంపం. నష్టమైనా సరే ఇచ్చి పంపుతాం. బోణీ చెడిందా, ఆ రోజంతా చెడినట్టే. మీరూ అట్టా పెట్టుకోండి. రోజూ మొదట లోపలికొచ్చిన మనిషి పని, అది ఏదైనా సరే, అయిపోవాల. అది కాందే రెండోవాళ్లను పిలవకూడదు."

ఉషశ్రీగారి కళ్లు మెరిశాయి. "ఫస్ట్ క్లయింట్ ఫుల్‌ఫిల్‌మెంట్ ప్రోటోకాల్!" అన్నారు. గంటలో సర్క్యులర్ తయారైంది. సిబ్బంది మొహాలు మాత్రం బదిలీ ఆర్డరు చూసినట్టు అయ్యాయి.

వెంకట్రామయ్య వెంటనే రేపల్లెకు ఫోను చేశాడు. "ఏసమ్మా, కేంద్రం తెరిచే రోజు మొదటి మెట్టు మీద నువ్వే ఉండాల."

ఏసమ్మ ఏడున్నరకే ఉంది. తొమ్మిదింటికి తెరవాల్సిన తలుపు తొమ్మిది దాటాక తెరుచుకుంది. కుడికాలు లోపల పెట్టబోయేసరికి, లోపల అప్పటికే ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బ్రహ్మానందం తోడల్లుడు. ఆయన ఇల్లు కేంద్రానికి సరిగ్గా వెనక వీధిలో. పెరటి గుమ్మం గుండా వచ్చాడు.

"టైమెంతయింది అన్నయ్యా?" అన్నాడు తోడల్లుడు.

"తొమ్మిదీ పది," అన్నాడు బ్రహ్మానందం.

తోడల్లుడు తృప్తిగా తలాడించి, సంతృప్తి పత్రంలో అయిదు నక్షత్రాలు వేసి వెళ్లిపోయాడు. బ్రహ్మానందం రిజిస్టరులో రాసుకున్నాడు. అవసరం: సమాచారం. పరిష్కారం: సంపూర్ణం. పట్టిన సమయం: నాలుగు సెకన్లు. ఆ తర్వాత లేచి నమస్కారం పెట్టాడు.

"ఏసమ్మగారూ, మీకేం జరిగింది?"

"మీ తోడల్లుడు జరిగాడు," అంది ఏసమ్మ.

మర్నాడూ ఆయనే. ఆ మర్నాడూ ఆయనే. సంగతి విని వెంకట్రామయ్య రేపల్లె వచ్చి కళ్లారా చూశాడు. చూసి కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ గౌరవం వచ్చింది. బేరాల్లేని రోజుల్లో వాళ్ల నాన్న కూడా మేనమామ చేత గరిటె కొనిపించి బోణీ అనిపించేవాడు. సాయంత్రానికి గరిటె వెనక్కి వచ్చేది. తన సొంత సూత్రం తనకే ఇంత చక్కగా తిరిగి అమ్మినవాణ్ని ఆయన అంతవరకూ చూడలేదు.

వారం తిరిగేసరికి ఏసమ్మ లోపలికి వెళ్లడం మానేసి, సెంటర్లోనే, కేంద్రానికి ఎదురుగా పట్టా పరిచి గిన్నెలు పెట్టుకుంది. "బోణీ దొరికే దాకా ఇక్కణ్నించి లెగను. ఆ గుమ్మం ఏదో ఒక రోజు నా లెక్కలోకి రాకపోద్దా," అంది. ఒంగోలు ఊసు మాత్రం రోజుకోసారి ఫోనులో తెస్తూనే ఉంది.

ఇరవై ఆరు రోజులు గడిచాయి. రేపల్లె ఊరట కేంద్రంలో మొదటి క్లయింటు అవసరం నూటికి నూరుపాళ్లూ తీరుతోందని నివేదిక పైకి వెళ్లింది. దేశంలో ఇంకెక్కడా ఇలాంటి అంకె లేదని మంత్రిగారికి చెప్పారు. మంత్రిగారు బోణీ అనేది తనకు తెల్లవారుజామున తట్టిన ఆలోచన అని మూడు సభల్లో ప్రకటించి, నెల రోజులుగా నడుస్తున్న కేంద్రాన్ని ప్రారంభించడానికి తేదీ ఇచ్చారు.

రిబ్బను కత్తిరించడానికి కత్తెర కావాలి. కత్తెరకు పళ్లెం, పళ్లెం పట్టుకోవడానికి పూర్తిగా కోలుకున్న ఒక క్లయింటు కావాలి. కోలుకున్నారని తెలిసేది ఎలా? కేంద్రానికి రావడం మానేసినవాళ్లు కోలుకున్నట్టు అని ఉషశ్రీగారు నిర్వచించారు. రిజిస్టరు చూస్తే, వరసగా వారం రోజులు వచ్చి, ఆపైన మూడు వారాలుగా ఒక్కసారీ రానిది ఒకే ఒక్క పేరు.

"నేను కోలుకున్నానంట షావుకారూ," అని ఏసమ్మ ఫోను చేసింది.

"ఏం కోలుకున్నావు?"

"తెలవదు. కొత్త చీర పెడతారంట. కత్తెర పళ్లెం పట్టుకోవాలంట."

"ఎక్కడ నిలబడి?"

"రిబ్బను అవతల. గుమ్మం లోపల. మంత్రిగారి మొహం, నా మొహం ఫొటోలో ఎదురెదురుగా పడాలంట."

ఇరవై రెండేళ్లు బేరమాడుకున్నవాళ్లకు అంతకంటే మాటలు అవసరం లేదు.

"పళ్లెం నేను తెస్తా," అన్నాడు వెంకట్రామయ్య. "కొట్టులో మంచిది ఉంది."

ప్రారంభోత్సవం రోజున బందోబస్తు పెట్టారు. వెనక వీధికి అడ్డంగా పోలీసులు తాడు కట్టారు. తాడు అవతల తోడల్లుడు చేతులూపుతూ, "అన్నయ్యా! టైమెంత?" అని అరుస్తూనే ఉన్నాడు. బాజాల మోతలో అది బ్రహ్మానందానికి చేరలేదు. మంత్రిగారు కత్తెర అందుకుని రిబ్బను కత్తిరించారు. ఇంకా ఆ చప్పట్లు ఆగకముందే, గుమ్మం లోపల నిలబడ్డ ఏసమ్మ పళ్లెం చంకలో పెట్టుకుని అంది.

"బాబూ, తలుపు తీశాక లోపలున్న మొదటి మనిషిని నేనే. ఇయ్యాళ్టి బోణీ నాది."

విలేకరులు కెమెరాలు ఆవిడవైపు తిప్పారు. ఉషశ్రీగారు ఉప్పొంగిపోయి, "కరెక్టండి, ప్రోటోకాల్ ప్రకారం ఆవిడే!" అన్నారు. మంత్రిగారు కెమెరాల వంక చూసి, ఆప్యాయంగా ఏసమ్మ భుజం మీద చెయ్యేశారు.

"అమ్మా, మీకేం జరిగింది?"

"మీటరు జరిగింది నాయనా. తీసెయ్యమను."

బ్రహ్మానందం చేసేదిలేక కంప్యూటరు ముందు కూర్చున్నాడు. రెండు మీటలు నొక్కాడు. తెర మీద ఒక గడి తెరుచుకుంది: మీటరు స్వీకరించువారి వేలిముద్ర. పక్కన వేలిముద్ర యంత్రం ఎర్రగా వెలిగి ఆరుతోంది.

బ్రహ్మానందం చేతులు తొడల కిందికి పోయాయి. ఆయన సంగతి ఆవిడ చెవిలో చెప్పగానే ఉషశ్రీగారి చేతులు కొంగు చాటుకు వెళ్లాయి. వెంకట్రామయ్య తన చేతులు రెండూ లాల్చీ జేబుల్లో ఎప్పుడు దోపుకున్నాడో ఆయనకే తెలియదు. ఏసమ్మ ఒక్కతే పళ్లెం పట్టుకుని, గదిలో ఉన్న ఒక్కో మనిషి మొహమూ చూస్తోంది.

"ఏంటి ఆగింది?" అన్నారు మంత్రిగారు.

"వేలిముద్ర కావాలండి."

"ఎవరిది?"

బ్రహ్మానందం నిజాయితీగా సమాధానం చెప్పాడు. "ఎవరిదైనా ఫరవాలేదు సార్."

"శుభమా అంటా బోణీ," అంది ఏసమ్మ. "ఇంతమందిలో పెద్ద చెయ్యి నీదే గదా నాయనా."

"సార్, వేలు పెట్టి ఇటు చూడండి సార్! ఒక్క నవ్వు సార్!" అన్నారు ఫొటోగ్రాఫర్లు.

మంత్రిగారు బొటనవేలు పెట్టి, అటు చూసి నవ్వారు. యంత్రం పచ్చగా వెలిగి కూసింది.

"నిమిషం! ఒక్క నిమిషంలో ఒక పేదరాలి గాయం మాన్పాం!" అన్నారు మంత్రిగారు.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు కాలేదు సార్?" అన్నాడొక విలేకరి.

"ఇన్నాళ్లూ నేను రాలేదు కదా," అన్నారాయన, ఎంతో నిరాడంబరంగా.

ఆ మరుసటి నెల ఒకటో తారీకున ఏసమ్మకు పింఛను వచ్చింది. ఆ నెలే ఆమె ఫ్యాను బాగు చేయించుకుంది. ఒంగోలు ఊసు ఆగిపోయింది. సొట్ట టిఫిన్ క్యారేజీలు రేపల్లె సెంటర్లో మళ్లీ కదలసాగాయి.

నెల తిరక్కముందే ప్రతిపక్షం వాళ్ల పేపరులో మొదటి పేజీ నిండా వార్త వచ్చింది. మంత్రిగారికి రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీ ఉంది, ఎన్నికల అఫిడవిట్‌లో చూపించలేదు, ఇదిగో రికార్డు. ఆ ఫ్యాక్టరీ నాది కాదని మంత్రిగారు ప్రెస్‌మీట్ పెట్టారు. ఎవరూ నమ్మలేదు. రెండో ప్రెస్‌మీట్‌లో కళ్లు తుడుచుకుంటూ, చిన్నప్పుడు మా ఇంట్లో కరెంటు ఉండేది కాదని చెప్పారు. దానికి కొంత సానుభూతి వచ్చింది గానీ మీటరు పోలేదు.

ఒకరోజు పదకొండు గంటలకు, సైరను లేని కారులో, ఆయన రేపల్లె ఊరట కేంద్రం ముందు దిగారు. బ్రహ్మానందం లేచి నమస్కారం పెట్టి, కుర్చీ చూపించి, గొంతు తగ్గించాడు.

"మీకేం జరిగింది సార్?"

"నీకు తెలీదటయ్యా? మీటరు! తీస్తావా, తియ్యవా? ఏదో ఒకటి చెప్పు!"

"మీ ప్రయాణంలో మేం తోడున్నాం సార్," అన్నాడు బ్రహ్మానందం.

ఆ వాక్యానికి ఆమోద ముద్ర వేసింది మంత్రిగారే కాబట్టి దాని అర్థం ఆయనకు అక్కడ అందరికన్నా బాగా తెలుసు. లేచి బయటికొచ్చారు. పట్టా మీద గిన్నెలు తుడుస్తున్న ఏసమ్మ తలెత్తి చూసింది.

"పదకొండింటికొస్తే ఎట్టా నాయనా? బోణీకి రావాల. తలుపు తియ్యకముందే మెట్టు మీదుండాల."

మర్నాడు ఎనిమిదింటికే మంత్రిగారు మెట్టు మీద ఉన్నారు. ఏసమ్మ ఆయన కూర్చోవడానికి పీట వేసి, స్టీలు గ్లాసులో టీ తెప్పించి ఇచ్చింది. వారం సరుకు ఆటోలో వేసుకొచ్చిన వెంకట్రామయ్య ఆ గ్లాసు వంక కాస్త అనుమానంగా చూసి, దూరంగా నిలబడ్డాడు.

"వెంకట్రామయ్యగారూ," అన్నారు మంత్రిగారు మెత్తగా. "మీరు మా మార్గదర్శి. తలుపు తీశాక ఒక్కసారి నాతో లోపలికొస్తారా? ఎక్కువసేపు పట్టదు. ఒక్క వేలు..."

"చేతులు ఖాళీ లేవండి," అన్నాడు వెంకట్రామయ్య, రెండూ జేబుల్లో పెట్టుకుని.

అంతలో లోపల గడియ తీసిన చప్పుడైంది. మంత్రిగారు గభాల్న లేచి, పంచె సవరించుకుని, శుభమా అని కుడికాలు గడప లోపల పెట్టారు. పెరటి గుమ్మం దగ్గర్నుంచి గొంతు వినబడింది.

"టైమెంతయింది అన్నయ్యా?"

"తొమ్మిదీ పది," అన్నాడు బ్రహ్మానందం.